బాల్కనీ కుండీల గురించి చిన్నికి

చిన్నీ,

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకి బీపీ అదుపులోనే ఉంది, పొద్దున్న నడక మానలేదు. నువ్వు పంపిన బాల్కనీ ఫొటోని ఆయన కళ్ళజోడు తుడుచుకుని మరీ రెండోసారి చూశారు. "అమ్మా, ఇక్కడ ఎలాంటి కుండీలు బాగుంటాయి?" అని అడిగావు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా "మీటింగ్‌లో ఉన్నా, మళ్ళీ చేస్తా" అన్న మెసేజే గానీ నీ గొంతు వినలేదు. చెప్పాల్సింది చాలా ఉంది, మెసేజ్‌లో పట్టదు. అందుకే కాగితం తీశాను.

మొన్న పెళ్ళిలో విజయత్తయ్య కలిసింది. మీరు ఇల్లు ఖాళీ చేస్తున్నారట కదా అంది. నేనేమీ అనలేదు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు కుండీలు ఎందుకు కొంటారు? సరే, ఆ సంగతి అలా ఉంచు.

ఫొటోలో నీడ పడిన తీరు చూస్తే మీ బాల్కనీ పడమటి ముఖం. హైదరాబాద్ ఎండాకాలంలో మధ్యాహ్నం నుంచి పొద్దు కుంకేదాకా ఎండ దంచేస్తుంది. అక్కడ నల్ల ప్లాస్టిక్ కుండీలు పెట్టకు, వేడికి మట్టి కాగి వేళ్ళు మాడిపోతాయి. మట్టి కుండీ అయితే గోడల్లోంచి చెమ్మ బయటికి పోతూ మొక్కని చల్లగా ఉంచుతుంది. కొత్త కుండీని రాత్రంతా నీళ్ళ తొట్టిలో ముంచి ఉంచి అప్పుడు మట్టి నింపు. లేకపోతే నువ్వు పోసిన నీళ్ళన్నీ అదే తాగేస్తుంది. బోరు నీళ్ళకి పైన తెల్లగా ఉప్పు పేరుకుంటే నిమ్మచెక్కతో రుద్దు.

రెయిలింగు మీద మాత్రం బరువు పెట్టొద్దు. 12 అంగుళాల కుండీలో తడి మట్టి నింపితే 20 కిలోల దాకా తూగుతుంది. కింద పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. పెద్దవి కావాలంటే ఫైబరువి తీసుకో, చూడ్డానికి రాతి తొట్టిలాగే ఉంటాయి, ఒక్కదానివే జరుపుకోవచ్చు. రేపు లారీ ఎక్కించాల్సి వచ్చినా పగలవు. లారీ మాట ఊరికే అన్నాను, ఎప్పటికైనా పనికొస్తుందని.

కడియపులంకలో హైవే పక్కన నర్సరీల ముందు ఇప్పుడు రంగురంగుల సిరామిక్ కుండీలు బారులు తీర్చి పెడుతున్నారు. అందంగా ఉన్నాయి, నాకూ మనసైంది. కానీ తీసుకునే ముందు తిరగేసి అడుగు చూడు. చిల్లి లేని కుండీలో నేరుగా మొక్క వెయ్యకు. అడుగున గులకరాళ్ళు పోస్తే సరిపోతుందని చెబుతారు, నమ్మకు. నీళ్ళు రాళ్ళ పైన మట్టిలోనే నిలబడి వేళ్ళు కుళ్ళిపోతాయి. అలాంటిదే నచ్చితే మొక్కని నర్సరీ ప్లాస్టిక్ కుండీతో సహా అందులో దింపు. నీళ్ళు పొయ్యాలన్నప్పుడు బయటికి తీసి పోసి, పూర్తిగా కారనిచ్చి మళ్ళీ పెట్టు.

చిల్లి అంటే గుర్తొచ్చింది. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మీ చిన్నబాబాయి బొంబాయిలో బట్టల మిల్లు ఆఫీసులో గుమాస్తా. నెలకో కార్డు రాసేవాడు. 1982లో మిల్లుల సమ్మె మొదలైంది. కొన్నాళ్ళకి కార్డులు ఆగిపోయాయి. నాయనమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అప్పుడే ఇంట్లో పెద్ద గంగాళం అడుగు కారడం మొదలుపెట్టింది. మాటు వేయిస్తే నాలుగు రోజులు ఆగి మళ్ళీ కారింది. పాత ఇత్తడికి స్టీలు గిన్నెలిచ్చేవాడు వీధిలోకి వస్తే తాతయ్య దాన్ని ఇచ్చేయబోయారు. ఆవిడ ససేమిరా అంది. వీధి అరుగు పక్కన మూడు ఇటుకలు పేర్చి, దాని మీద గంగాళం పెట్టించి, చెరువు మట్టి, పశువుల ఎరువు కలిపి నింపి కనకాంబరం నారు వేసింది. పెరట్లో అంత చోటుండగా వీధిలో ఎందుకని నాకు అర్థం కాలేదు. పోస్టుమాన్ వచ్చే వేళకి చెంబుతో నీళ్ళు తెచ్చేది. అతను సైకిల్ దిగకుండా వెళ్ళిపోయాక చెంబులో మిగిలిన నీళ్ళు పోసి లోపలికి వచ్చేది. చెట్టు గుబురుగా ఎదిగి గంగాళం అంచు కనపడకుండా పూసింది. వీధిలో ఆడపిల్లలందరి జడల్లో అవే పూలు. ఒక రాత్రి బాబాయి ఒక్క సంచీతో దిగాడు. ఉద్యోగం పోయిందట, రాయడానికి మొహం చెల్లలేదట. నాయనమ్మ కాళ్ళు కడుక్కోమంది, అన్నం పెట్టింది, వాడు మజ్జిగన్నంలోకి వచ్చేదాకా ఆగి, "ఉద్యోగం పోయిందని రాస్తే పోస్టువాడు కార్డు పట్టుకెళ్ళనన్నాడుట్రా?" అని అడిగింది. అంతే, ఇంకేమీ అనలేదు.

ఆ గంగాళం ఇంకా మన పెరట్లోనే ఉంది. చింతపండుతో తోముతున్నాను, రంగు తేలుతోంది. నీ హాల్లో సోఫా పక్కన పెట్టి, లోపల ప్లాస్టిక్ కుండీలో అరెకా పామ్ దింపితే ఆ మూలకి నిండు వస్తుంది. దాని పక్కన ఇంకేమీ పెట్టకు. పది చిన్న కుండీలు చెల్లాచెదురుగా పెట్టే కంటే ఒక్క పెద్దది నయం. బాల్కనీలో అయితే మూడు ఎత్తుల్లో ఒకచోట చేర్చు, పొడుగుది వెనక, గుబురుది మధ్యలో, వేలాడే మనీప్లాంట్ ముందు. క్రోటన్ లాంటి రంగుల ఆకులకి ఏ డిజైనూ లేని కుండీ, ఉత్త పచ్చ ఆకులకి ముగ్గుల కుండీ. మట్టి కుండీలకి జాజు పూసి సున్నంతో చుక్కలు పెడితే కొన్నవాటి కంటే కళగా ఉంటాయి. నువ్వు ఎనిమిదో క్లాసులో తులసికోటకి వేసిన తీగముగ్గు నాకు ఇంకా కళ్ళకి కట్టినట్టుంది.

బాబు పాకుతున్నాడు కదా, డిఫెన్‌బాకియా ఇంట్లోకి తేవద్దు. ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. మనీప్లాంట్ ఆకు కూడా నోటికి మంచిది కాదు, వాడికి అందనంత ఎత్తులో పెట్టు. కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు నిలవనియ్యకు. వారం పది రోజులు చాలు, డెంగీ దోమలు తయారవుతాయి. రెండు రోజులకోసారి ఒంపేసి పీచుతో రుద్దు. నీళ్ళు కూడా అలవాటుగా రోజూ పొయ్యకు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పొయ్యి. నువ్వు సరిగ్గా తింటున్నావా? ఫొటోలో అద్దంలో నీ చెయ్యి కనపడింది, సన్నబడింది. అల్లుడుగారి ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని కూడా విజయత్తయ్య అంది. ఉద్యోగాలు పోతాయి, వస్తాయి, దానికి తల్లిదండ్రుల దగ్గర దాపరికం ఎందుకు? ఖర్చుల లెక్క రాసుకోమని నీకు పెళ్ళి కాకముందు నుంచీ చెబుతున్నాను. సరే, కోప్పడటానికి కూర్చోలేదు.

శనివారం మధ్యాహ్నం బాబు పడుకున్నాక ఫోన్ చెయ్యి. బాల్కనీ పొడవు, వెడల్పు టేపుతో కొలిచి ఉంచు. గంగాళం, కుండీలు కడియం నుంచి వచ్చే మొక్కల వ్యాన్‌లో వేయిస్తాను, డబ్బు మీ నాన్న ఇస్తారు, నువ్వు పంపొద్దు. ఏ ఇంటికి పంపాలో మాత్రం నువ్వే చెప్పాలి. ఇక్కడికే వచ్చేస్తామన్నా సరే, మేడ మీద గది కడిగించి ఉంచాను. వ్యాన్‌లో కందిపొడి, మాగాయ కూడా పెడుతున్నాను. మాగాయ జాడీ నిలువుగా ఉంచు, నూనె కారుతుంది.

అమ్మ