ఆ గౌను ఫొటో పక్కన ఈ ఉత్తరం పెట్టండి

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ అధిపతి గారికి,

నమస్కారం. మా వైపు పెళ్లిళ్లలో ఎవరి జాకెట్టు నచ్చినా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "ఎవరు కుట్టారు?" టైలర్ పేరు, షాపు ఉన్న సందు, కుట్టుకూలి చెప్పేదాకా వదలరు. 1953 సెప్టెంబరు 12న న్యూపోర్ట్‌లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనెడీని పెళ్లాడిన జాక్వెలిన్ గౌను ఫొటోలు అమెరికా అంతా చూసింది. కుట్టినావిడ పేరు మాత్రం అప్పటి పత్రికల్లో దాదాపు ఎక్కడా రాలేదు.

ఆవిడ ఆన్ లో. ఊరు అలబామాలోని క్లేటన్. అమ్మమ్మ బానిసత్వంలో కుట్టుపని చేసిన మనిషి, అమ్మదీ అదే పని. 1917లో న్యూయార్క్‌లో డిజైన్ స్కూల్లో చేరితే, నల్లజాతి అమ్మాయితో ఒకే గదిలో కూర్చునేది లేదన్నారు తోటి విద్యార్థులు. ఒంటరిగా వేరే గదిలో నేర్చుకున్నారు.

జాక్వెలిన్ పెళ్లి ఇంకా పది రోజులుందనగా ఆవిడ వర్క్‌షాపులో నీళ్ల పైపు పగిలింది. ఆ పెళ్లికి కుట్టిన 15 గౌన్లలో 10 పాడయ్యాయి, పెళ్లికూతురిదీ అందులోనే ఉంది. దానికి 50 గజాల దంతపు రంగు సిల్క్ టఫెటా పట్టింది, రెండు నెలల పని. టఫెటా మీద నీళ్లు పడితే ఆ మరక పోదు. మళ్లీ బట్ట కొని, మనుషుల్ని పెట్టి, మొదటి నుంచి కుట్టించారు. పెళ్లివారికి ఒక్క మాట చెప్పలేదు. తెనాలిలో నలభై ఏళ్లు మిషను తొక్కిన మా అమ్మకు ఈ కథ చెబితే ముందు అడిగింది, "మరి కూలి పెంచి ఇచ్చారా?" అని. లేదమ్మా, 700 డాలర్లు మిగలాల్సిన చోట 2,200 నష్టం. పైగా గౌన్లు తీసుకెళ్తే వెనక గుమ్మంలోంచి రమ్మన్నారు. అలాగైతే గౌన్లు వెనక్కి పట్టుకుపోతానన్నారు ఆవిడ. ముందు గుమ్మంలోంచే వెళ్లారు.

1961లో ఒక మహిళా పత్రిక ఆ గౌను కుట్టింది ఎవరో నల్లజాతి కుట్టుపనావిడ అన్నట్టు రాసింది. పేరు లేదు. ఆ ఏప్రిల్‌లో ఆన్ లో, అప్పటికి వైట్‌హౌస్‌లో ఉన్న జాక్వెలిన్‌కు ఉత్తరం రాశారు. తనను 'పేరున్న నీగ్రో డిజైనర్' అనడమే తనకిష్టమని, తాను అన్ని విధాలా అదేనని. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న మాట అది.

ఆ ఉత్తరం మీ కిందే ఉన్న బోస్టన్ కెనెడీ లైబ్రరీ కాగితాల్లో ఉంది. గౌనూ అక్కడిదే. ఆవిడ పేరు ఇప్పుడు చాలామందికి తెలుసు, నేను అడిగేది పేరు గురించి కాదు. ఆ గౌనును గానీ దాని ఫొటోను గానీ ఎక్కడ పెట్టినా, పక్కన ఆ ఉత్తరం నకలు కూడా పెట్టించండి. కింద 'కుట్టినవారు' అని రాయాలని టైలర్ కూతురిగా నాకుంటుంది. కానీ ఆవిడ అడిగింది 'డిజైనర్' అని. అదే రాయించండి.

ఇట్లు,
తెనాలి టైలరమ్మ కూతురు