గేర్లు పోనీ, సైకిలు ఉండనీ

విశాఖపట్నం,
ఆదివారం

ఒరేయ్ సూరీ,

నీ మౌంటెన్ బైకు గేర్లు పాడయ్యాయన్న మెసేజ్ చూసి ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదు. నువ్వు మధ్యలో ఇంకేదో అడుగుతావు, నేను దాని వెంట పడతాను, చివరికి ఇద్దరం రాజకీయాల్లో తేలతాం. అందుకే రాస్తున్నా. చదివేటప్పుడు సైకిలు పక్కన పెట్టుకో.

సైకిలుని పాత ఇనప సామాను వాడికి ఇచ్చేస్తానన్నావు చూడు, ఆ మాట ముందు వెనక్కి తీసుకో. కేజీల లెక్కన అమ్మితే మీ ఇంటిల్లిపాదికీ ఒకపూట టిఫినుక్కూడా రాదు. దాని ఫ్రేము ఉక్కుది. పైన కాస్త తుప్పు పట్టింది తప్ప ఏమీ కాలేదు. చక్రాలు తిరుగుతున్నాయి, బ్రేకులు పడుతున్నాయి. పోయిందల్లా గేర్ల సామానే. మీకూ మాకూ ఉన్నది సముద్రపు గాలే కదా, దానికి ముందు బలయ్యేవి అవే. కేబుల్ తొడుగులోకి ఉప్పు తేమ దిగితే లోపల తీగ బిగుసుకుపోతుంది. మీట నొక్కితే గేరు పడదు, పడితే మళ్ళీ వెనక్కి రాదు. షాపుకెళ్తే సెట్టు మొత్తం మార్చాలంటారు. మళ్ళీ రెండు వానాకాలాలు గడిచేసరికి కథ మొదటికొస్తుంది. నా సైకిలుకి గేర్లు పీకేయించి సింగిల్ స్పీడ్, అంటే ఒకే గేరు, చేయించాక ఈ గోల పూర్తిగా వదిలింది.

అసలు నీకిది సరిపడుతుందా అంటే, నిక్షేపంగా. మీ కాకినాడలో ఎత్తంటే జగన్నాథపురం వంతెనే కదరా. ఉప్పాడ రోడ్డు మీద ఎదురుగాలి తప్ప నిన్ను కష్టపెట్టేదేమీ లేదు. మా ఊళ్ళో అలా కాదు. రోజూ కైలాసగిరి ఎక్కాలన్నా, సింహాచలం కొండమీదికి వెళ్ళాలన్నా గేర్లు ఉంచుకోమనే చెప్తాను. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకైతే ఈ సలహా అస్సలు ఇవ్వను.

ఇక పని. ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. వెనక చక్రానికి ఏడు పళ్ళేలు (పళ్ళున్న బిళ్ళలు) ఉన్నాయి కదా, వాటి పళ్ళు లెక్కపెట్టు. ఇలాంటి సైకిళ్ళకు ఎక్కువగా వచ్చే షిమానో కంపెనీ సెట్టయితే చిన్నదాని నుంచి వరుసగా 14, 16, 18, 20, 22, 24, 28 ఉంటాయి. ముందు పెడల్ దగ్గర మూడు ఉంటాయి, సాధారణంగా 48, 38, 28. చైను ముందు మధ్యదాని మీద, వెనక 18 మీద పెట్టి వదిలేయ్. కేబుల్ పని చేయకపోయినా ఫర్వాలేదు. వెనక డిరైలర్, అంటే చైనుని ఒక పళ్ళెం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది, దాని మీద రెండు చిన్న స్క్రూలు కనిపిస్తాయి, హెచ్ అనీ ఎల్ అనీ రాసి ఉంటుంది. కేబుల్ తీసేస్తే డిరైలర్ తనంతట తాను చిన్న పళ్ళెం వైపు జరుగుతుంది. హెచ్ స్క్రూ బిగిస్తూ పోతే అక్కడి నుంచి లోపలికి వస్తుంది. ఆ స్క్రూ 18 దాకా అందకపోతే కేబుల్ ముక్క ఒకటి కోసి, డిరైలర్‌ని కావలసిన చోటికి నెట్టి, నట్టు కింద బిగించెయ్. అంతే, పైసా ఖర్చు లేకుండా సింగిల్ స్పీడ్ తయారు. ఒక వారం దాని మీదే ఆఫీసుకెళ్ళు. బరువనిపిస్తే 20 మీదికి మార్చు, కాళ్ళు ఊరికే తిరుగుతున్నాయనిపిస్తే 16 మీదికి. కొనాల్సిన ఫ్రీవీలు (వెనక చక్రానికి వేసే ఒంటి పళ్ళెం) ఏదో నీ కాళ్ళే తేలుస్తాయి.

లెక్క కావాలా? 38ని 18తో భాగిస్తే 2.11. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం రెండు చుట్ల పైన తిరుగుతుంది. 26 అంగుళాల చక్రం మీద అది సుమారు 4.3 మీటర్లు. నిమిషానికి 75 సార్లు తొక్కితే గంటకు 20 కిలోమీటర్లకు కాస్త తక్కువ. మనం ఊళ్ళో తొక్కే వేగం అదే. 30 అందుకోవాలంటే నిమిషానికి 115 సార్లు తొక్కాలి. ఆ వేగంలో మనిషి సీటు మీద ఎగిరెగిరి పడతాడు. రేసుకెళ్తున్నామా ఏంటి.

ఆ ఏర్పాటు బాగానే ఉంది అనిపిస్తే అక్కడితో ఆగిపోయినా తప్పులేదు. కాకపోతే డిరైలర్ మాత్రం తీసేయకు. గేర్ల పళ్ళేల పళ్ళు చైను పక్కదాని మీదికి సులువుగా దూకేట్టు చెక్కి ఉంటాయి. దారి చూపించే డిరైలర్ లేకపోతే చైను దానంతట అదే పెద్ద పళ్ళెం ఎక్కుతుంది, ఇంక అక్కడ బిగుసుకుపోయి చక్రం ఆగుతుంది, లేదా ఏదో ఒకటి విరుగుతుంది.

నీటుగా చేయాలంటే వెనక ఏడు పళ్ళేల గుత్తి తీసేసి, మామూలు నల్ల సైకిలుకి వేసే 18 పళ్ళ ఫ్రీవీలు ఎక్కించాలి. కిట్లనీ చైను బిగువుగా ఉంచే ఇంపోర్టెడ్ టెన్షనర్లనీ వేలల్లో చూపిస్తారు, అటు చూడకు. పక్క వీధి సైకిలు షాపులో ఫ్రీవీలు నాకు నూటెనభైకి దొరికింది, చైను దాదాపు అంతే. నట్లు, వాషర్లు, మెకానిక్ కూలీ, అతని టీ, అన్నీ కలిపినా వెయ్యి దాటలేదు.

పాత గుత్తి తీయడమే ఇందులో కుస్తీ. తొక్కిన ప్రతిసారీ అది ఇంకా బిగుస్తూనే వస్తుంది. నీ సైకిలు విషయంలో అంటే పదేళ్ళ బిగింపు. మరకి ముందురోజు రాత్రే కిరసనాయిలో డబ్ల్యూడీ ఫార్టీయో కొట్టి వదిలేయాలి. గుత్తి మధ్యలో గాట్లుంటాయి, అందులో కూర్చునే రిమూవర్ ఉన్న మెకానిక్‌ని వెతుక్కో. దాన్ని కొనకు, జన్మకోసారి వాడే వస్తువు. మా మెకానిక్ రిమూవర్‌ని గాట్లలో కూర్చోబెట్టి, జారకుండా పైనుంచి ఇరుసు నట్టు వదులుగా తగిలించాడు. పానాతో తిప్పుతాడేమో అనుకున్నాను. అతను రిమూవర్‌ని బెంచ్ వైసులో బిగించి, చక్రాన్నే రెండు చేతులతో పట్టుకుని, బస్సు డ్రైవరు మలుపులో స్టీరింగ్ తిప్పినట్టు ఎడమకి లాగాడు. రెండు పట్లకి టక్‌మని చప్పుడొచ్చింది. వెంటనే ఆ నట్టు తీసేశాడు. తీయకుండా అలాగే తిప్పితే గుత్తి బయటికి రావడానికి చోటుండదు, ఇరుసు మర దెబ్బతింటుంది. నువ్వు దగ్గరుండి చూసుకోవాల్సింది ఆ నట్టునే. "జనం గేర్లు పెట్టమని వస్తారు, మీరు పీకమని వచ్చారు బాబూ" అని నవ్వుతూనే ఉన్నాడు పని అయ్యేదాకా.

కొత్త ఫ్రీవీలు ఎక్కించే ముందు మర శుభ్రంగా తుడిచి, గ్రీజు రాసి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. అడ్డంగా పడితే హబ్బు (చక్రం మధ్య గొట్టం) మరే పోతుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. ఒంటి ఫ్రీవీలు హబ్బుకి అతుక్కుని బాగా లోపలగా కూర్చుంటుంది. ముందు పళ్ళెమేమో బయటికి ఉంటుంది. చైను వంకరగా నడుస్తుంది, గరగరమంటుంది, గుంతలో పడగానే ఊడిపోతుంది. దీనికి మందు డబ్బుల్లో లేదు, వాషర్లలో ఉంది. ఇరుసుకి కుడివైపు, ఏడు పళ్ళేలకు చోటు కోసం పెట్టిన మందపాటి వాషర్లుంటాయి. వాటిలో కొన్ని తీసి ఎడమవైపు వేయించు. మొత్తం వెడల్పు మారదు గానీ హబ్బు కుడికి జరుగుతుంది, ఫ్రీవీలు ముందు పళ్ళేనికి ఎదురుగా వస్తుంది. రిమ్ము కూడా కుడికి జరుగుతుంది కాబట్టి ఎడమ స్పోకులు బిగించి, కుడివి వదులు చేసి దాన్ని మళ్ళీ మధ్యకి తేవాలి. బెండు తీయడం వచ్చిన ఎవరైనా చేస్తారు. ఇందులో అడగని లాభం ఒకటుంది. గేర్ల చక్రంలో కుడి స్పోకుల మీద బిగువు ఎక్కువ, ఎడమవి వదులు. వాషర్లు మార్చాక రెండువైపులా బిగువు దాదాపు సమానమవుతుంది, చక్రం ఇదివరకటి కన్నా గట్టిపడుతుంది. వంకర పోయిందో లేదో చూడ్డానికి తాపీమేస్త్రీ దారం చాలు. ముందు మధ్య పళ్ళెం ముఖానికి ఆనించి వెనక్కి లాగి పట్టుకో, దారం ఫ్రీవీలు పళ్ళ మీదకి రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా నడుస్తుంది.

ముందు మూడు పళ్ళేలు రివిట్లతో కలిపి ఉంటాయి, విడదీయాలని చూడకు. పెద్దది ప్యాంటుకి గ్రీజు అంటకుండా అడ్డం ఉంటుంది, చిన్నది దాని మానాన అది ఉంటుంది. ముందు డిరైలర్, షిఫ్టర్లు (గేరు మీటలు), కేబుళ్ళు మాత్రం పీకేయ్. హ్యాండిలు చూస్తే నీకే ముచ్చటేస్తుంది.

పాత గేర్ల చైను ఈ ఫ్రీవీలు మీద కూర్చోదు, అది సన్నం. నల్ల సైకిలు వెడల్పు చైనే కొను, ముందు పళ్ళెం మీద కూడా అది బానే తిరుగుతుంది. చైను బిగువు నీ ఫ్రేముని బట్టి ఉంటుంది. ఇరుసు కూర్చునే గాడి ముందువైపుకి వాలి పొడుగ్గా ఉంటే నీ అదృష్టం, చక్రాన్ని వెనక్కి లాగి బిగించుకోవచ్చు. చైను లింకులు జతగానే తీయగలం, జత అంటే అంగుళం. ఒక జత తీస్తే ఇరుసు అరంగుళం ముందుకొస్తుంది. అందుకని గాడిలో ముందువైపు కూర్చునేలా చైను కొలిపించు, తర్వాత సాగినా వెనక్కి లాగడానికి చోటుంటుంది. మధ్యలో వేలితో ఎత్తితే ఒక సెంటీమీటరు ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి. పెడల్ మెల్లగా తిప్పుతూ చూడు, ఏ పళ్ళెమూ అచ్చంగా గుండ్రంగా ఉండదు, బాగా బిగుసుకున్న చోటే కొలవాలి. చైను రెండు కొసల్నీ కలిపే లాకు రేకు (పత్తీ) మూసి ఉన్న కొస చైను వెళ్ళే దిక్కుకి ఉండాలి, ఇది మెకానిక్ పెట్టాక కూడా వంగి చూడు. లేచి నిలబడి గట్టిగా తొక్కినప్పుడు చక్రం ఎడమకి ఒరిగితే నల్ల సైకిలు చైన్ అడ్జస్టర్లు రెండు వేయించు.

గాడి నిలువుగా కిందికి ఉంటే మాత్రం చక్రాన్ని లాగలేవు. అప్పుడు చైను బిగువుకి పాత డిరైలరే ఉండాలి. దానిలో చైను నడిచే పంజరంలో వెడల్పు చైను రాసుకుంటుంది కాబట్టి పైన చెప్పిన పైసా ఖర్చులేని పద్ధతే నీకు మేలు.

మౌంటెన్ బైకుకి గేర్లు పీకేయడమేంటని మీ బావ నవ్వుతాడని రాశావు. ఆయనకిది చెప్పు. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్ళు కొండ మీంచి కిందికి తోలింది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి బండ సైకిళ్ళనే. వాటిలో చాలావాటికి గేర్లు లేవు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకొకటే. 1976లో వాళ్ళు మొదలెట్టిన పందేనికి రీప్యాక్ అని పేరు. దిగేసరికి ఆ బ్రేకు వేడికి హబ్బులో గ్రీజు పొగైపోయేది, మళ్ళీ కూరుకోవాల్సి వచ్చేది. అందుకని ఆ పేరు. గేర్లు తర్వాత వచ్చాయి, కొండ ఎక్కాలి కాబట్టి. మీ బావ ఏ కొండ ఎక్కుతున్నాడో అడుగు.

తొక్కితే ఎలా ఉంటుందంటావా? చప్పుడుండదు, అది మొదట తెలుస్తుంది. బీచ్ రోడ్డు మీద రుషికొండ వైపు పోతుంటే చిన్న ఎత్తులు వస్తాయి. వేగం తగ్గకముందే లేచి నిలబడాలి, ఆలస్యమైతే దిగి నడవాలి. దిగుడులో తొక్కే పనే లేదు. మొదట్లో బొటనవేలు మీట కోసం హ్యాండిల్ మీద వెతుక్కుంటుంది, తర్వాత మర్చిపోతుంది. మిగిలిన డబ్బుతో బ్రేకు రబ్బర్లు, వెనక టైరు మార్చించు. ఆ టైరు చీలికలు నేను పోయిన సంక్రాంతికే చూశాను.

నువ్వు చేయాల్సింది ప్రస్తుతానికి రెండే. వెనక ఇరుసు గాడి దగ్గర నుంచి ఫొటో తీసి పంపు, పళ్ళ లెక్క రాసి పంపు. కుదిరితే వచ్చే నెల రెండో శనివారం నేనే వస్తా. ఫ్రీవీలు ఇక్కడి నుంచి తెస్తాను, అక్కడ రిమూవర్ ఉన్న మెకానిక్‌ని నువ్వు చూసి పెట్టు. ఆ గొట్టం కాజాలు కూడా చెప్పి ఉంచు, ఊరికే రాను.

అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు