ఊరి పేరుతో వెతికితే దొరకాలి

సంపాదకుల వారికి,

మా నాన్నగారు తెనాలిలో ట్రెడిల్ ప్రెస్సు (కాలితో తొక్కే అచ్చు యంత్రం) నడిపేవారు. శుభలేఖలు, బిల్లు పుస్తకాల మధ్య ఊళ్ల చరిత్రలూ అచ్చయ్యేవి. కుంభాభిషేకానికి స్థలపురాణం, హైస్కూలు స్వర్ణోత్సవ సంచిక, ఎవరో రిటైరైన మాస్టారు రాసుకొచ్చిన గ్రామ చరిత్ర. అచ్చు వేయించుకున్న పార్టీ బాకీ పెట్టి పోయినా సరే, రెండు కాపీలు మాత్రం అటకెక్కేవి. ఆయన పోయాక ఆ కట్టలు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చాం.

ఈమధ్య వెళ్లి మా అమ్మమ్మగారి ఊరి పుస్తకం అడిగాను. "రచయిత పేరు చెప్పండి" అన్నారు. అట్ట మీద "ప్రచురణ: ఆలయ కమిటీ" అని తప్ప ఏమీ ఉండదే! "అయితే కంప్యూటర్లో రాదండీ." తీరా చూస్తే అన్నిటికీ కలిపి "ఇతరములు" అని ఒకే నంబరు వేసి మూటల్లోనే ఉంచారు. బతిమాలితే ఒక కట్ట విప్పనిచ్చారు. పిన్నులు తుప్పుపట్టి కాగితం ఎర్రబారింది. పేజీ తిప్పితే మూల విరిగి చేతిలోకొచ్చింది.

యునెస్కో లెక్కలో అట్టలు కాక కనీసం 49 పేజీలుంటేనే పుస్తకం. ఇవన్నీ 16, 32 పేజీలవి. కానీ వాటి చివరి పేజీ చూడండి. ఎవరు రు. 116 ఇచ్చారు, ఎవరు ధ్వజస్తంభానికి కర్ర తోలారు, ఏ వీధివారు ప్రాకారం కట్టించారు, అన్నీ పేర్లతో ఉంటాయి. ముందున్న పురాణగాథ నమ్మినా నమ్మకపోయినా దాతల పట్టిక నమ్మొచ్చు. అందులో ఒక్క ఇంటిపేరు తప్పు పడితే మర్నాడే ప్రెస్సు ముందు పంచాయితీ! తప్పొప్పుల చీటీ విడిగా వేసి అంటించిన సందర్భాలు నాకు తెలుసు.

ప్రచురణకర్తలు కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలని 1954 నుంచి చట్టం ఉంది. ఏ గుడి కమిటీ పోస్టాఫీసుకు వెళ్లింది గనక? చాలావాటికి ప్రెస్సువాడు దాచిన కాపీయే మిగిలి ఉంటుంది.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రాపకుడు జాన్ జాన్సన్ అందరూ పారేసే టికెట్లు, నోటీసులు, బిల్లు కాగితాలు పోగేస్తే, 1968లో అవి బోడ్లియన్ గ్రంథాలయానికి చేరాయి. ఇవాళ పరిశోధకులు వాటికోసం వెళ్తున్నారు. అంత దూరమెందుకు, తమిళనాడులోని చెట్టినాడులో రోజా ముత్తయ్య పోగేసిన తమిళ పుస్తకాల సేకరణను 1994లో షికాగో విశ్వవిద్యాలయం కొని, చెన్నైలోనే ఉంచింది.

సిబ్బంది చాలరని నాకూ తెలుసు. స్కానింగు తర్వాత చూసుకోవచ్చు. ముందు గ్రంథాలయశాస్త్రం విద్యార్థుల చేత ఒక జాబితా రాయించండి: ఊరు, మండలం, అచ్చయిన ఏడు, ప్రెస్సు పేరు. రచయిత గడి ఖాళీగా ఉన్నా ఫరవాలేదు.

ఇంకో రెండు కట్టలు మా ఇంట్లోనే ఉన్నాయి. ఆ జాబితా మొదలైన రోజున ఆటోలో వేసుకొచ్చి ఇస్తాను.

– ఒక ప్రెస్సు యజమాని కుమారుడు, తెనాలి