పల్లి పొడికి జిప్పు కవరు సరే, గాడిలో పొడి పడితే?

సంపాదకులకు,

మహబూబ్‌నగర్, వనపర్తి, నల్లగొండ సంతల్లో మహిళా సంఘాల పల్లి పొడి, కారం రుచికి వంక పెట్టలేం. తేడా కవరు దగ్గరే వస్తోంది. పల్చటి కవరు, మూతికి స్టేపుల్ పిన్ను. టీ బ్యాగులకే పిన్నులు వద్దని ఆహార భద్రతా సంస్థ చెప్పింది. పిన్ను ఊడి పొడిలో పడితే జవాబుదారు ఎవరు?

పల్లీలో సగానికి దగ్గరగా నూనే. గాలి తగిలితే ముక్కిపోతుంది. కొన్నవాళ్లు డబ్బాలోకి ఒంపుకుని కవరు పారేస్తారు. దాంతోపాటే తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, సంఘం పేరు చెత్తలోకి పోతాయి. మళ్లీ మూసుకునే జిప్పు కవరైతే సరుకు అయిపోయేదాకా ఆ పేరు వంటింట్లో కళ్లెదుటే ఉంటుంది.

కానీ జిప్పు కవర్లు తెచ్చినవాళ్లకీ ఫిర్యాదులు తప్పడం లేదు. మెత్తటి కారం జిప్పు గాడిలో ఇరుక్కుంటే పైకి మూసుకున్నట్టే ఉంటుంది, గాలి మాత్రం ఆడుతూనే ఉంటుంది. గరాటు కాడ జిప్పు దాటి రెండంగుళాలు కిందికి దిగాలి. నింపాక గాడిని పొడిగుడ్డతో తుడిచి, ఒక కొస నుంచి బొటనవేలితో నొక్కుకుంటూ పోవాలి. ఆపైన 8–10 మిల్లీమీటర్ల వెడల్పున వేడి సీలు తప్పనిసరి. అది లేకుంటే దారిలో ఎవరు తెరిచి మూసినా తెలియదు. నూనె అంటినచోట సీలు అతకదు. వేడి ఎక్కువైతే కవరు ముడుచుకుని జిప్పే వంకర పోతుంది. తక్కువ నుంచి మొదలుపెట్టి ఐదేసి డిగ్రీలు పెంచుతూ, ప్రతిసారీ లాగి చూడాలి. పొడి చల్లారకముందే మూస్తే ఆవిరి పట్టి గడ్డకడుతుంది, ఆనక బూజు.

కవర్లు కొనేటప్పుడు ఒకదాంట్లో గాలి నింపి, జిప్పు మూసి, బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా నొక్కండి. బుడగలు ఎక్కువగా మూలల్లోంచే వస్తాయి. జిప్పు కొసలు పక్క సీలులో సరిగా అణగలేదన్నమాట. ఆ సరుకు వాపసు చేయాల్సిందే.

ఒక్కపూటకి అయిపోయే 50 గ్రాముల పల్లి పట్టీకి జిప్పు దండగ. పావుకిలో పైబడినవాటికే పెట్టాలి.

ఒక్కో సంఘం వంద, రెండొందల కవర్లు కొంటే ధర గిట్టదు. మండల సమాఖ్య సాదా జిప్పు కవర్లు ఒకేసారి తెప్పిస్తే, లేబులు ఎవరిది వాళ్లు అంటించుకుంటారు. బెల్టు మీద నడిచే సీలింగ్ మిషన్ మండలానికొకటి చాలు. యాసంగి పల్లీ ఇంటికి చేరేలోపు జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారులు ఈ రెండు పనులూ చేయించాలి.

— ఆహార ప్యాకింగ్ పనివాళ్లం, మహబూబ్‌నగర్