వార్షిక నివేదిక: మన ఎత్తు మడుల కూరగాయల తోట

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం జమాఖర్చుల లెక్క కోశాధికారి గారు విడిగా చదువుతారు. పార్కు వెనక ఖాళీ స్థలంలో ఈ ఏడాది మొదలుపెట్టిన కూరగాయల మడుల సంగతి ఇందులో వివరిస్తున్నాను.

అక్కడిది గడ్డపార వేస్తే కంకర తగిలే ఎర్రనేల. అందుకే తవ్వే పని పెట్టుకోకుండా సిమెంటు ఇటుకలతో అడుగున్నర ఎత్తు గోడలు కట్టి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపాం. వానలు పడేసరికి మట్టి బాగా కిందికి దిగింది. నింపిందంతా ఏమైందని కొందరు అడిగారు. కొత్త మడిలో ఎరువు ఇంకా కుళ్లుతూ ఉంటుంది, గుల్లగా ఉన్న మట్టి సర్దుకుంటుంది. అందుకే దిగుతుంది, కంగారు అక్కర్లేదు. పంట తీసిన ప్రతిసారీ పైన నాలుగు వేళ్ల మందాన ఎరువు వేస్తే చాలు. మొదటి ఏడాది ఎన్ని కిలోలు కాసింది అన్నదానికంటే మట్టి ఎలా తయారైంది అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో అందరికీ గుర్తే. మడులు ఎత్తుగా ఉండబట్టి ఈసారి టమాటా వేళ్లు నీళ్లలో నానలేదు. అయితే ఎండాకాలంలో ఆ ఎత్తే ఇబ్బంది పెట్టింది. గోడలు నాలుగు వైపులా కాలి తేమ త్వరగా ఆరిపోయింది. ఒక మడిలో సగానికి చెనక్కాయ పొట్టు పరిచాం. మధ్యాహ్నం పొట్టు పక్కకు తీసి చూస్తే కింద మట్టి వేలికి చల్లగా తగిలింది, పొట్టు లేని సగం నెర్రెలిచ్చింది. ఈ ఎండలకు అన్ని మడుల్లోనూ పరుద్దాం.

బెండకు పల్లాకు తెగులు వచ్చింది. ఈనెలు పసుపెక్కి కాయలు పాలిపోయాయి. ఇది తెల్లదోమ అంటించే వైరస్. సోకిన మొక్కకు మందు లేదు కాబట్టి పీకేశాం. మిగతావాటికి పసుపు జిగురు అట్టలు కట్టి, లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రాలు చల్లాం. కొండ దిగి వచ్చే కోతుల టెన్షన్ మాత్రం తీరలేదు. పైన వల కట్టాలి.

అందరికీ నచ్చింది అనప. చలి మొదలయ్యాక పాదు విరగబూసింది, సంక్రాంతికి కొన్ని ఇళ్లలో అనపగింజలు నానబెట్టి తోలు తీసి వండే పితికిపప్పు మన తోటదే. తీగ పీకినప్పుడు వేళ్ల నిండా బుడిపెలు కనిపించాయి. గాలిలోని నత్రజనిని పట్టి పెట్టేవి అవే. అందుకే వేళ్లను మడిలోనే వదిలేసి, ఆకుకూరలు ఆ మడిలోనే చల్లాం. పాలకూర అక్కడ బాగా వచ్చింది.

వేసవిలో పొద్దున్నే ఎండెక్కకముందు నీళ్లు పట్టడానికి మనుషులు కావాలి. వంతులకు ఒప్పుకునేవారు ఉగాదిలోపు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు. వంటింటి తొక్కలు తోట గేటు పక్కనున్న నీలం డ్రమ్ములో వేయండి, ప్లాస్టిక్ కవరుతో మాత్రం వేయొద్దు.