సైడ్‌చెయిన్ స్పీడ్ సరే, వాలిడేటర్లు ఎంతమందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

సైడ్‌చెయిన్ల (బిట్‌కాయిన్, ఎథీరియం లాంటి మెయిన్ బ్లాక్‌చెయిన్‌కి పక్కన జోడించి నడిపే వేరే చెయిన్ల) మీద మీరు వేసిన ఆర్టికల్ చదివానండి, ట్రాన్సాక్షన్ సెకన్లలో అయిపోతుంది, ఫీజు కూడా నామమాత్రమే అన్నారు, నిజమే గానీ ఆ స్పీడ్ ఎక్కడ్నుంచి వస్తుందో మాత్రం చెప్పలేదు, అసలు సంగతంతా అక్కడే ఉంది.

బిట్‌కాయిన్‌లో ఒక్కో బ్లాక్‌కి (అంటే లావాదేవీల కట్టకి) సుమారు 10 నిమిషాలు, సెకనుకి 7 ట్రాన్సాక్షన్లు దాటడమే కష్టం. మామూలు కంప్యూటర్ ఉన్నవాళ్లు కూడా మొత్తం లెక్క సొంతంగా చెక్ చేసుకోగలగాలని బ్లాకుల్ని చిన్నగానే ఉంచారు. ఎథీరియం అయితే 2017 డిసెంబర్లో క్రిప్టోకిట్టీస్ అనే ఒక్క గేమ్ దెబ్బకి జామ్ అయిపోయింది. సైడ్‌చెయిన్ ఈ లోడ్‌ని పక్కకి లాక్కుంటుంది. మన కాయిన్లు మెయిన్ చెయిన్లో బ్రిడ్జ్ (రెండు చెయిన్ల మధ్య డబ్బు అటూఇటూ మార్చే ఏర్పాటు) దగ్గర లాక్ అవుతాయి, అటుపక్క అంతే విలువకి టోకెన్లు వస్తాయి, ఇక అక్కడి లావాదేవీలన్నీ ఆ చెయిన్ వాలిడేటర్లే, అంటే వాటిని చెక్ చేసి ఓకే చేసేవాళ్లే చూసుకుంటారు. ఒకరు బ్లాక్ తయారుచేసి పంపితే మిగతావాళ్లు చెక్ చేసి సైన్ చేస్తారు, చాలా చెయిన్లలో మూడింట రెండొంతులకి పైగా ఒప్పుకుంటే అయిపోయినట్టే. ఒప్పుకోవాల్సినవాళ్లు తక్కువ కాబట్టే ఫాస్ట్. పాలిగాన్ అనే ఎథీరియం సైడ్‌చెయిన్‌లో వాలిడేటర్లు 100 చుట్టుపక్కలే, సుమారు 2 సెకన్లకో బ్లాక్, మధ్యమధ్యలో చెక్‌పాయింట్లు (అప్పటిదాకా జరిగిన లెక్కల సారాంశం) ఎథీరియంలోకి ఎక్కిస్తారు.

కానీ బ్రిడ్జ్ తాళాలు కూడా ఆ కొద్దిమంది చేతుల్లోనే ఉంటే? రోనిన్ అనే సైడ్‌చెయిన్ సంగతి చూడండి. 2022 మార్చి నాటికి వాలిడేటర్లు 9, డబ్బు బయటికి తియ్యాలంటే 5 సంతకాలు చాలు. ఆ 9లో 4 కీలు (సంతకం పెట్టే రహస్య కోడ్‌లు) ఒకే కంపెనీవి, అవి హ్యాకర్లకి చిక్కాయి, ఐదో సంతకం ఎప్పుడో తాత్కాలికంగా ఇచ్చి తీసెయ్యకుండా వదిలేసిన పర్మిషన్ వల్ల దొరికింది. 1,73,600 ఈథర్ (ఎథీరియం కాయిన్), 2.55 కోట్ల యూఎస్‌డీసీ (డాలర్ విలువకి కట్టిన కాయిన్) పోయాయి, అప్పటి రేటుకి 60 కోట్ల డాలర్ల పైమాటే. సంతకాలన్నీ కరెక్టే కాబట్టి సిస్టమ్‌కి తేడా ఏం కనబడలేదు, 6 రోజుల తర్వాత ఒక యూజర్ తన డబ్బు తీసుకోబోతే రాకపోయేసరికి బయటపడింది. ఎంతమంది కష్టార్జితమో అది, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

సైడ్‌చెయిన్లు వద్దని కాదండి, అంత లోడు మెయిన్ చెయిన్ ఒక్కటే మొయ్యలేదు, అవి కావాల్సిందే. ఈసారి ఏ చెయిన్ గురించి రాసినా స్పీడ్ అంకె పక్కనే వాలిడేటర్లు ఎంతమంది, బ్రిడ్జ్ తెరవడానికి ఎన్ని సంతకాలు, వాటిలో ఒకే సంస్థవి ఎన్ని, తప్పు చేస్తే వాలిడేటర్లు స్టేక్‌గా (పూచీగా) పెట్టిన డబ్బు కట్ అవుతుందా లేదా, ఈ నాలుగూ వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు