ట్రమడాల్ స్ట్రిప్పులు లెక్కపెట్టండి

సంపాదకులకు,

ఆపరేషన్ తర్వాతో, నడుంనొప్పికో రాసిచ్చిన ట్రమడాల్ అనే నొప్పి మాత్రలను ఇంట్లో ఎవరైనా వాడుతుంటే స్ట్రిప్పులు లెక్కపెట్టండి. పది రోజుల మందు ఆరు రోజులకే అయిపోవడం, ఒకే చీటీతో నాలుగు మెడికల్ షాపులు తిరగడం, నొప్పి తగ్గినా ‘నిద్ర కోసం’ వేసుకోవడం ఈ మందుకు బానిసవుతున్నారనడానికి తొలి గుర్తులు. మాత్ర అందని రోజు ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, విరేచనాలు, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు జలుబనుకుంటారు. మాత్ర పడగానే అన్నీ సర్దుకుంటే అది జలుబు కాదు.

రోజుకు 400 మిల్లీగ్రాములు దాటితే ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. మద్యం తోడైతే ఊపిరే ఆగొచ్చు. అలాగని మాత్రలు లాక్కుని ఒక్కసారిగా ఆపించకండి. డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించాలి. 2018 నుంచి ఈ మందు మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలో ఉంది. చీటీ లేకుండా అమ్మేవాళ్లకు అది గుర్తున్నట్టు లేదు. వ్యసనం నుంచి బయటపడేందుకు సలహాకు ఉచిత ఫోన్ నంబరు 14446.

– కొందరు ఫార్మసిస్టులు, వరంగల్